ఆకస్మిక మరణం దేవుని తీర్పేనా? సిద్ధంగా ఉండటం అంటే ఏమిటి?

వందనాలు అమ్మా.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెబుతున్నాను. మీ తమ్ముడు, 27 ఏళ్లవాడు, పోయిన నెల బైక్ యాక్సిడెంట్‌లో అక్కడికక్కడే పోయాడు. ఉద్యోగంలో చేరాక చర్చికి రావడం తగ్గించాడు. జ్ఞాపకార్థ కూడికలో వాక్యం చెప్పడానికి వచ్చినాయన, దేవుడు ఎన్నోసార్లు పిలిచినా వినలేదు కాబట్టి ఆకస్మికంగా తీర్పు వచ్చిందని, మీరైనా సిద్ధపడండని అన్నారు. అప్పటినుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. మీకు నిద్ర లేదు. ఈ రాత్రే నేను పోతే ఏమిటి అని భయపడి, రోజుకు పదిసార్లు అవే పాపాలు ఒప్పుకుంటున్నారు. ఆయన చెప్పింది బైబిల్ బోధేనా, సిద్ధంగా ఉండటం అంటే అసలేమిటి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ తమ్ముడి మరణం దేవుని తీర్పు అని చెప్పే అధికారం ఆయనకు లేదు, నాకూ లేదు. తీర్పు అకస్మాత్తుగా వస్తుందనే బోధ బైబిల్లో ఉంది, అది నిజం, దాన్ని నేను తగ్గించి చెప్పను. కానీ ఆ మాట బతికి ఉన్నవాడు తనకు తాను చెప్పుకోవలసింది. శవపేటికలో ఉన్న మనిషి మీద వేయవలసింది కాదు. కృష్ణా జిల్లా పల్లెల్లో 31 ఏళ్లు సేవ చేసి రిటైరైనవాణ్ణి. ఈ తేడా నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు. ఒక తల్లి నేర్పింది. ఆ సంగతి కింద చెబుతాను.

మీరు అడిగిన ప్రశ్ననే యేసును ముఖాముఖిగా అడిగారు. లూకా 13వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు తీయండి. రోమా అధిపతి పిలాతు కొందరు గలిలయులను చంపించి, వాళ్ల రక్తాన్ని వాళ్ల బలులతోనే కలిపాడని కొందరు వచ్చి చెప్పారు. అంటే ఆరాధన చేస్తూ చేస్తూ చనిపోయారు. యేసు దానికి తానే ఇంకొక సంఘటన కలిపాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వీళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని అడిగి, "కారని మీతో చెప్పుచున్నాను" అన్నాడు. అక్కడితో ఆ తలుపు మూసేశాడు. వెంటనే అడిగినవాళ్ల వైపు తిరిగి, "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అన్నాడు.

చూశారా, చనిపోయినవాళ్ల గురించి అడిగితే ఆయన బతికున్నవాళ్ల గురించి జవాబు చెప్పాడు. ఆ 18 మంది ఎలాంటివాళ్లో ఒక్క ముక్క చెప్పలేదు. హెచ్చరికను మాత్రం వదలలేదు. ఈ రెండూ కలిపి పట్టుకోవాలి. మీ కూడికలో ప్రసంగికుడు రెండోది పట్టుకుని మొదటిది వదిలేశారు.

మరి బైబిల్లో అప్పటికప్పుడు వచ్చిన తీర్పులు లేవా? ఉన్నాయి. అగ్నితో నాశనమైన సొదొమ పట్టణం ఉంది. విందులో కూర్చున్న బెల్షస్సరు గోడ మీద రాత చూసి, ఆ రాత్రే చనిపోయాడు. దేవుని ముందు అబద్ధమాడి అక్కడికక్కడే పడిపోయిన అననీయ, సప్పీరా ఉన్నారు. కానీ అక్కడ కారణాన్ని వాక్యమే చెబుతుంది, చూసినవాళ్లు ఊహించి చెప్పింది కాదు. దానికితోడు తీర్పు తీర్చడానికి దేవుడు తొందరపడినట్టు చాలాచోట్ల కనబడదు. సొదొమ కోసం అబ్రాహాము 50 మంది దగ్గర మొదలుపెట్టి 10 మంది దాకా బేరమాడితే దేవుడు ప్రతిసారీ ఒప్పుకుంటూ వచ్చాడు. నీనెవెకు 40 రోజులు గడువు ఇచ్చి, వాళ్లు మనసు మార్చుకోగానే ఆగిపోయాడు. ఆగినందుకు, ఆ హెచ్చరిక చెప్పిన ప్రవక్త యోనాకు కోపం వచ్చింది, దేవుడికి కాదు. ఈ సంగతి ప్రసంగాల్లో ఇంకా ఎక్కువగా రావాలి.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఒక్కసారి వరసగా చదవండి. హేరోదు రాజు అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే హేరోదు పేతురును చెరసాలలో వేస్తే దూత వచ్చి విడిపించాడు. అధ్యాయం చివర హేరోదునే దూత మొత్తితే పురుగులు పడి చచ్చాడు. యాకోబు, హేరోదు ఇద్దరివీ ఆకస్మిక మరణాలే. ఒకటి హతసాక్షి మరణం, ఒకటి తీర్పు. బయటనుంచి చూసి ఏది ఏదో చెప్పగలమా? యోషీయా లాంటి మంచి రాజు యూదాలో అరుదు. ఆయన 39 ఏళ్లకే మెగిద్దోలో బాణాలు తగిలి పోయాడు. దావీదు ప్రాణంగా ప్రేమించిన యోనాతాను కూడా సౌలు పడిన గిల్బోవ కొండ మీదే పడిపోయాడు.

మన ప్రాంతం సంగతి చెప్పుకుందాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. అప్పటికి నేను పిల్లవాణ్ణి. పాపం పండితే సముద్రం వస్తుందని ఎవరో అంటే, మా నాయనమ్మ "చంటిపిల్లల పాపం ఏం పండిందిరా?" అని కసురుకుంది. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున సునామీ వచ్చినప్పుడు తమిళనాడులో వేళాంగణి తీరంలో చాలామంది పోయారు. మరియమాత గుడికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన యాత్రికులు వాళ్లలో ఉన్నారు. చర్చికి రానివాళ్లకే ఆకస్మిక మరణం వస్తుందనే లెక్క అక్కడే తప్పిపోతుంది.

ఇంకో మాట. మన ఊళ్లలో 85 ఏళ్ల పెద్దాయన రాత్రి భోంచేసి పడుకుని తెల్లారేసరికి పోతే ఏమంటాం? పుణ్యాత్ముడు, మంచం పట్టకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా దాటిపోయాడు అంటాం. అనాయాస మరణం కావాలని మన చుట్టూ ఉన్నవాళ్లు దేవుణ్ణి అడుగుతారు కూడా. అదే 27 ఏళ్లవాడు ఒక్క క్షణంలో పోతే తీర్పు అంటున్నాం. రెండూ అకస్మాత్తుగా వచ్చినవే. మన గుండె తట్టుకోలేకపోవడం వల్ల ఒకదానికి వరమని, ఒకదానికి శిక్షని పేరు పెడుతున్నాం. మన తట్టుకోలేనితనాన్ని దేవుడి నోట్లో పెట్టకూడదు కదమ్మా.

ఇప్పుడు నా తప్పు.

సేవలోకి వచ్చిన నాలుగో ఏడు. మా సంఘంలో ఒక 19 ఏళ్ల కుర్రవాడు రాత్రిపూట కాలువలో పడి చనిపోయాడు. తాగి పడ్డాడని ఊళ్లో అనుకున్నారు. నేను విచారించలేదు. భూస్థాపన దగ్గర ఆమోసు 4:12 తీశాను, "నీ దేవుని సన్నిధిని కనబడుటకై సిద్ధపడుము". గొంతు పెంచి చెప్పాను. యౌవనస్థులు ఏడ్చారు, ఆరుగురు ముందుకొచ్చి మోకరించారు. వాక్యం బలంగా వచ్చిందని పెద్దలు అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ తల్లి మాత్రం ఆరోజు నుంచి మందిరానికి రాలేదు. రెండేళ్లు రాలేదు. ఒకరోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. పీట వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, తర్వాత నెమ్మదిగా అంది: "అయ్యగారూ, వాడి చొక్కా జేబులో నా షుగరు బిళ్లల అట్ట ఉంది. నీళ్లలో నానిపోయింది గానీ ఒక్క బిళ్లా తీయలేదు. ఆ రాత్రి వాడు నాకోసం మందులషాపుకి పోయి వస్తున్నాడు."

లోపలికి వెళ్లి ఆ అట్ట తెచ్చి చూపించింది. వెనక రేకు అంచుల దగ్గర తెల్లగా పొడి పట్టి ఉంది. దాచుకుంది. నేను దాన్ని చేతిలోకి తీసుకోలేకపోయాను. క్షమించమ్మా అని మాత్రం అనగలిగాను. ఆ తర్వాత ఎన్ని భూస్థాపనలు చేశానో లెక్క లేదు గానీ, పోయిన మనిషి ఆత్మ సంగతి నా నోటినుంచి మళ్లీ రాలేదు. తీర్పు దేవుని యింటివద్ద ఆరంభమవుతుంది అని పేతురు రాశాడు (1 పేతురు 4:17). అది మొదట బోధించేవాడు వినాలి.

మీ భయం సంగతికి వస్తాను. "రాత్రివేళ దొంగ వచ్చినట్టు" అనే మాటే మీ నిద్ర పోగొడుతోందని రాశారు. అది 1 థెస్సలొనీకయులు 5వ అధ్యాయం. దయచేసి 3వ వచనం దగ్గర ఆగకండి. 4వ వచనం చూడండి: "సహోదరులారా, ఆ దినము దొంగవలె మీమీదికి వచ్చుటకు మీరు చీకటిలో ఉన్నవారుకారు." దొంగ అనే పోలిక భయమేమీ లేదని చెప్పుకుంటూ దేవుణ్ణి పక్కన పెట్టినవాళ్లకు. ఆయనను నమ్ముకున్నవాళ్లకు వచ్చేది దొంగ కాదు, ఇంటి యజమాని. రాత్రిపూట తలుపు చప్పుడైతే దొంగకు ఉలిక్కిపడతాం, నాన్న వస్తే లేచి గడియ తీస్తాం.

అక్కడే పౌలు గర్భిణి నొప్పుల పోలిక కూడా చెప్పాడు. తొమ్మిదో నెలలో మన ఆడపిల్లలు ఏం చేస్తారు? మంచం పక్కన ఒక సంచి ఉంటుంది. ఉతికి ఆరబెట్టిన పాత చీర ముక్కలు, ఫ్లాస్కు, స్కానింగ్ రిపోర్టుల ఫైలు అన్నీ సర్ది ఉంటాయి. నొప్పులు ఏ గంటకు వస్తాయో తెలియదు, వస్తాయని మాత్రం తెలుసు. సంచి సర్దుకున్నాక ఆ అమ్మాయి రాత్రంతా గడియారం చూస్తూ కూర్చోదు. తింటుంది, పడుకుంటుంది. పడుకోకపోతే తల్లి కోప్పడుతుంది.

పెళ్లికొడుకు కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల ఉపమానంలో పదిమందీ నిద్రపోయారు. మత్తయి 25:5. బుద్ధి లేనివాళ్లు మాత్రమే కాదు, బుద్ధిగలవాళ్లు కూడా కునికి నిద్రపోయారు. ప్రభువు వాళ్లను నిద్రపోయినందుకు తప్పుపట్టలేదు. తేడా అంతా సిద్దెల్లో, అంటే నూనె పాత్రల్లో, ఉన్న నూనె దగ్గర. నూనె ఉన్నవాళ్లు నిద్రపోయినా లేచి దివిటీ చక్కబెట్టుకున్నారు. ఈ రాత్రి దీపం ఆర్పి పడుకునేటప్పుడు ఈ వచనం గుర్తు చేసుకోండి. సిద్ధపడినవాళ్లు కూడా నిద్రపోతారు.

ఇంతకీ ఆ నూనె ఏమిటి? రకరకాలుగా చెబుతారు, నేను వాదానికి దిగను. నా అనుభవంలో రెండు సంగతులు. మొదటిది దేవునితో లెక్క. ఇది మనం తీర్చేది కాదు, క్రీస్తు సిలువ మీద తీర్చినదాన్ని నమ్మి తీసుకునేది. "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" (రోమా 8:1). ఇప్పుడు అన్నాడు. రోజుకు పదిసార్లు అదే పాపం ఒప్పుకోవడం భక్తిలా అనిపిస్తుంది గానీ, అది మొదటిసారి విన్న దేవుణ్ణి నమ్మలేకపోవడం. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదమ్మా. ప్రొటెస్టంట్ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ కూడా ఇలాగే బాధపడ్డాడు. 1505 జూలై 2న ఎర్ఫర్ట్‌కు తిరిగి వస్తుంటే దగ్గర్లో పిడుగు పడింది. చచ్చిపోతానన్న భయంతో సన్యాసినవుతానని మొక్కుకున్నాడు. మఠంలో చేరాక కూడా గంటలతరబడి పాపాలు ఒప్పుకుంటూనే ఉండేవాడు, ఏదైనా మరిచిపోయానేమో అని మళ్లీ వెళ్లేవాడు. నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును అన్న మాట రోమా పత్రికలో పట్టుబడ్డాకే ఆయనకు ఊపిరాడింది. పిడుగు ఆయన్ను మఠందాకా తీసుకెళ్లగలిగింది, నెమ్మది ఇవ్వలేకపోయింది.

రెండోది మనుషులతో లెక్క. ఇది మాత్రం మనమే తీర్చాలి, ఈరోజే తీర్చాలి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పింది ఇదే. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేది. కూలికి వెళ్లేది, చదువు రాదు. స్త్రీల సమాజం డబ్బు ఆవిడ దగ్గరే ఉండేది. ఒక రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. కోడలు ట్రంకుపెట్టె తీస్తే పైన మడిచిపెట్టిన తెల్లచీర. తనను పెట్టెలో పెట్టేటప్పుడు కట్టాలని ముసలమ్మలు చాలామంది దాచుకుంటారు, అది వింత కాదు. దానికింద హార్లిక్స్ సీసాలో సమాజం డబ్బు, మనవరాలి చేత రాయించిన కాగితం మీద ఎవరు ఎంత ఇచ్చారో పేర్లు. లెక్కపెడితే రూపాయి తేడా లేదు. పక్కన ఒక కర్చీఫ్ ముడి. విప్పితే 140 రూపాయలు. మనవరాలు చెప్పింది, అది కిరాణా కొట్టు బాకీ, పొద్దున్నే ఇచ్చేయాలని ముడి కట్టుకుంది అని. కోడలు ఆ ఉదయమే, ఇంట్లో శవం ఉండగానే, ఒక పిల్లవాణ్ణి పంపి ఆ బాకీ తీర్పించింది. నా 31 ఏళ్లలో రాకడ గురించి, అంటే క్రీస్తు మళ్లీ రావడం గురించి, ఎన్నో ప్రసంగాలు విన్నాను. సిద్ధపాటు అనే మాట వినగానే నాకు కనబడేది ఆ కర్చీఫ్ ముడే.

ఆవిడ ఆ సాయంత్రం భయంతో ఏమీ చేయలేదు. రోజూ చేసేదే చేసి పడుకుంది.

1780 మే 19న అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతమంతా పట్టపగలే చీకటైపోయింది. అడవులు తగలబడి పొగ కమ్ముకుంది, కానీ అప్పుడు ఎవరికీ తెలియదు. తీర్పు దినం వచ్చేసిందని జనం వణికారు. కనెక్టికట్ శాసనసభలో సమావేశం ముగించేద్దామన్నారు. అబ్రహాం డావెన్‌పోర్ట్ అనే సభ్యుడు ఒప్పుకోలేదు. తీర్పు దినం రాకపోతే ఇళ్లకు పోవలసిన పని లేదు, వస్తే నా పని నేను చేస్తుండగా దేవుడు నన్ను చూడాలి, కొవ్వొత్తులు తెప్పించండి అన్నాడు. ప్రభువు చెప్పిన నమ్మకమైన దాసుడు కూడా అంతే. యజమాని వచ్చేసరికి అతను ఆకాశం చూస్తూ లేడు, ఇంటివాళ్లకు వేళకు అన్నం పెడుతున్నాడు (మత్తయి 24:45-46).

యూట్యూబ్‌లో ఫలానా తేదీకి రాకడ అనే వీడియోలు కూడా చూస్తున్నానని రాశారు. అవి మానేయండి. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22 అనుకున్నారు, కొరియాలో 1992 అక్టోబరు 28 అన్నారు, అమెరికా రేడియో ప్రసంగికుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. కొరియాలో ఆ మాట నమ్మి ఉద్యోగాలు, ఇళ్లు వదులుకున్నవాళ్లు ఉన్నారు. ఆ దినం తండ్రి ఒక్కడికే తెలుసని కుమారుడే చెప్పాక, తేదీ చెప్పేవాడి దగ్గర మనకు పనేముంది?

మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉన్నది ఇంకొకటి: తమ్ముడు ఎక్కడున్నాడు? అబద్ధం చెప్పి ఓదార్చను. నాకు తెలియదు. ఆ చివరి క్షణం వాడికీ దేవునికీ మధ్య ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు మందిరం, బాప్తిస్మం, రేపు అన్నవి ఏవీ మిగల్లేదు. ఒక్క వాక్యం మిగిలింది, అదే సరిపోయింది. అది విన్నది కూడా లూకా రాశాడు కాబట్టి మనకు తెలిసింది. రాయనివి ఎన్నో. అబ్రాహాము అన్న మాట నేను ఎన్నో ఇళ్లలో చెప్పాను: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" తీర్పు ఆయన చేతిలో ఉండటమే మనకు నిబ్బరం. ఆ ప్రసంగికుడి చేతిలో లేదు, నా చేతిలో లేదు.

ఇక మీరు చేయవలసింది. నెల దాటింది, నిద్ర లేదంటున్నారు కాబట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. అది విశ్వాసం తక్కువ కావడం కాదు. రాత్రి ఒక్కసారి ప్రార్థన చేయండి, ఆరోజు ఎవరితోనైనా లెక్క మిగిలితే పొద్దున్నే తీర్చండి, మళ్లీ అదే పాపం గుర్తొస్తే "అది నీ దగ్గరే ఉంది ప్రభువా" అని వదిలేయండి. మీ సంఘ కాపరి మంచివారైతే ఆ కూడికలో తగిలిన దెబ్బ ఆయనకు చెప్పండి. చెప్పకపోతే ఇంకొక ఇంట్లో కూడా అదే జరుగుతుంది.

అమ్మ విషయంలో తొందరపడకండి. 1 రాజులు 19లో ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు దూతను పంపాడు. దూత ప్రసంగం చేయలేదు. రొట్టె కాల్చిపెట్టి, నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము" ఉంది తిను అన్నాడు. మీరూ అలాగే పక్కన కూర్చుని, ఆవిడకు ఇష్టమైనది ఏదైనా వండి, నాలుగు ముద్దలైనా తినిపించండి. ఆ ప్రసంగం మాట ఆవిడే ఎత్తితే లూకా 13లో ఆ ఐదు వచనాలు చదివి వినిపించండి. ఎత్తకపోతే మీరూ ఎత్తకండి, తమ్ముడి కబుర్లు చెప్పించండి.